"చిత్తం" అని ఎవరితో అనాలి? ఒంగోలు కొండ నుంచి ముషీరాబాద్ హెబ్రోను దాకా

ఈ రోజు ఒక్క మాట పట్టుకుని మొదలుపెడదాం. ఆ మాట "చిత్తం".

పాత సినిమాల్లో చూసే ఉంటారు. జమీందారు పడక్కుర్చీలో కూర్చుని ఏదో చెప్తాడు. ఎదురుగా తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, వంగి నిలబడ్డ పెద్దాయన "చిత్తం దొరా" అంటాడు. దానర్థం ఏంటి? నీ మనసులో ఏముందో అదే నా పని, నాకంటూ వేరే ఆలోచన లేదు అని. ఇప్పుడు తెలుగు బైబిల్ తెరవండి. దేవుని చిత్తం, తండ్రి చిత్తం, ప్రభువు చిత్తమైతే... ఇంగ్లీషు బైబిల్లో "విల్" అని ఉన్న చోట మనకి చాలాసార్లు కనిపించేది ఇదే మాట. అంటే తెలుగులో దేవుడి సంకల్పానికీ, దొర ముందు వంగినవాడి జవాబుకీ పేరు ఒక్కటే. భాష చేసిన ఈ తమాషా నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ప్రార్థనలో దేవునికి లోబడటం అంటే ఇంకో దొర ముందు వంగడమేనా?

ఈ ప్రశ్నకి థియాలజీ పుస్తకంలోంచి సమాధానం చెప్పే అర్హత నాకు లేదు. నేను బీటెక్ వాడిని. కానీ మన తెలుగు నేల మీద ఇదే ప్రశ్నకి బతికి సమాధానం చెప్పినవాళ్ళు ఉన్నారు. ఆ చరిత్ర చెప్తాను. ఒక కథ ఒంగోలుది, ఇంకోటి మన హైదరాబాదుది.

ముందు అమీర్‌పేట గురించి ఒక్క నిమిషం. మీలో సగం మంది ఆ ఏరియా వింటారు కాబట్టి.

మైత్రీవనం దగ్గర మెట్రో దిగి, ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు నడిస్తే చేతిలోకి కాగితాలు వచ్చి పడుతూనే ఉంటాయి. ఈ కోర్సు, ఆ కోర్సు, రేపే డెమో. నేను అక్కడ హాస్టల్లో ఉన్న రోజుల్లో నలుగురికి ఒక రూము. ఒకడు ఆంజనేయస్వామి ఫోటో పెట్టుకునేవాడు, ఇంకొకడు శుక్రవారం జుమ్మాకి వెళ్ళేవాడు, నేనూ ఇంకో తమ్ముడూ ఆదివారం చర్చికి. ముగ్గురు దేవుళ్ళకీ వెళ్ళే అప్లికేషన్ మాత్రం ఒకటే. ఇంటర్వ్యూ క్లియర్ అవ్వాలి, ఆఫర్ లెటర్ రావాలి, నోటీస్ పీరియడ్ తక్కువ ఉండాలి. ఇందులో నవ్వడానికి ఏం లేదు. ఇంటి దగ్గర నాన్న అప్పు చేసి పంపితే వచ్చినవాడు ఇంకేం అడుగుతాడు?

అక్కడి నుంచి ఒక్క స్టేషన్ అవతల పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ఉంది. రాత్రి పూట నిమ్స్ ఆవరణలో చాపలు పరుచుకుని పడుకున్న వాళ్ళని చూశారా? వాళ్ళ ప్రార్థనలో ఆఫర్ లెటర్ ఉండదు. "మా అమ్మని బతికించు" అని ఉంటుంది. అమీర్‌పేటలో "ఇవ్వు" అనే ప్రార్థన, పంజాగుట్టలో "తీసుకుపోకు" అనే ప్రార్థన. రెండూ నిజమైనవే. మనవాళ్ళకి దీనికి ఒక పాత పద్ధతి కూడా ఉంది, మొక్కు. నువ్వు ఇది చేస్తే నేను అది ఇస్తా. చర్చికి వెళ్ళేవాళ్ళు మేము మొక్కుకోం అంటారు గానీ, "ఉద్యోగం ఇస్తే మొదటి జీతం మొత్తం నీకే ప్రభువా" అనడం మొక్కు కాకపోతే ఏంటో మీరే చెప్పండి.

గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనలో రెండు భాగాలున్నాయి. మొదటిది అచ్చంగా నిమ్స్ ప్రార్థనే. ఈ గిన్నె నా దగ్గర నుంచి తీసెయ్ అని అడిగాడు. అడగడంలో తప్పులేదు అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. రెండో భాగం కష్టమైనది. నా ఇష్టం పక్కన పెట్టు, నీది జరగనీ అన్నాడు. లోబడటం అంటే క్రైస్తవ జీవితంలో ఆ రెండో సగం. మొదటి సగం చెప్పకుండా డైరెక్టుగా రెండో సగానికి వెళ్ళిపోయేవాళ్ళని నేను పెద్దగా నమ్మను. కోరికే లేనివాడు వదులుకునేది ఏముంటుంది?

సరే, ఒంగోలు వెళ్దాం.

1836లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ తెలుగు ప్రాంతానికి వచ్చారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. తర్వాత ఏళ్ళకి ఏళ్ళు గడిచినా ఫలితం అంతంతమాత్రం. మన భాషలో చెప్పాలంటే, ప్రాజెక్టుకి బడ్జెట్ పోతోంది, డెలివరీ లేదు. అమెరికాలో బోర్డు వాళ్ళు ఈ మిషన్ మూసేద్దామా అని ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చర్చించారు. 1853లో ఆల్బనీలో జరిగిన మీటింగులో మ్యాపు మీద నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందని ఎవరో అన్నారు. అప్పటి నుంచి దీనికి "లోన్ స్టార్ మిషన్" అని పేరు పడింది. ఒంటరి నక్షత్రం. శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ రాత్రే ఆ పేరుతో ఒక పద్యం రాశాడనీ, అది చదివాక మూసే మాట వెనక్కి పోయిందనీ చెప్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇక్కడ ఇంకో సంగతి జరిగింది. 1854 జనవరి 1, తెల్లవారుజాము. ఒంగోలు ఊరి పక్కన చిన్న కొండ. దాని మీదికి ఐదుగురు ఎక్కారు. లైమన్ జ్యూయెట్ గారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు (ఆసుపత్రి నర్సు కాదండీ, ఆయన పేరే అది), జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. పాట పాడారు, వాక్యం చదివారు, ఒకరి తర్వాత ఒకరు ఐదుగురూ ప్రార్థన చేశారు. ఒంగోలుకి ఒక మనిషిని పంపమని అడిగారు. సూర్యుడు వచ్చాక జ్యూయెట్ కింద ఉన్న ఒక స్థలం చూపించి, మిషన్ బంగళా అక్కడ ఉంటే బాగుంటుంది కదా అన్నారట. అంతే. కిందికి దిగి వెళ్ళిపోయారు.

ఎన్నేళ్ళకి జవాబొచ్చింది? పన్నెండేళ్ళు దాటింది. మధ్యలో 1862లో బోర్డు మళ్ళీ మూసేద్దాం అంది. ఆరోగ్యం పాడై అమెరికా వెళ్ళిన జ్యూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను వెనక్కి వెళ్ళి అక్కడే చస్తాను అన్నాడు. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి అని బోర్డు పెద్ద అన్నాడని ఒక కథ ఉంది. ఆ "పాతిపెట్టడానికి" వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసినవాడు. కొలతలు, లెవెల్స్ తెలిసినవాడు. ఈ డీటెయిల్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది. 1866లో క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం మొదలైంది. ఆ కొండ మీద ప్రార్థన జరిగి సరిగ్గా పదమూడేళ్ళు.

ఇప్పటిదాకా చెప్పింది మీరు సండే స్కూల్లో వినే టైపు కథ. అసలు కథ ఇక్కడి నుంచి.

క్లౌ రాకముందే, అదే 1866లో, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇచ్చింది జ్యూయెట్. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు. దేవుడి కోసం వెతికినవాడు, గురువుల దగ్గర యోగం నేర్చుకున్నవాడు. చదువు లేదు గానీ ఆలోచన ఉంది. ఆయన తన పల్లెల్లో చెప్పడం మొదలుపెట్టాక మాదిగలు ఒంగోలు వైపు రాసాగారు. అదే టైములో ఒంగోలు మిషన్ స్కూలుకి పైకులాల పిల్లలు వస్తున్నారు. ఊరి పెద్దలు క్లౌతో బాగానే ఉన్నారు. సమస్య అర్థమైంది కదా. మాదిగలని చేర్చుకుంటే మా పిల్లలు రారు అన్నారు.

క్లౌ ముందు నిజమైన లెక్క ఉంది. పైకులాల వాళ్ళు ముందు వస్తే, మిగతా సమాజం వాళ్ళ వెనక వస్తుంది అని అప్పట్లో చాలామంది మిషనరీల నమ్మకం. మార్కెటింగ్ చదివినవాడెవడైనా అదే చెప్తాడు, ఇన్‌ఫ్లుయెన్సర్లని ముందు పట్టుకో అని. క్లౌ తన గదిలోకి వెళ్ళి ప్రార్థన చేశాడు. చేతికి అందిన బైబిల్ తెరిస్తే మొదటి కొరింథీ మొదటి అధ్యాయం వచ్చింది. పిలవబడినవాళ్ళలో లోకం లెక్కలో జ్ఞానులు, బలవంతులు, గొప్ప ఇంటివాళ్ళు ఎక్కువమంది లేరు అని పౌలు రాసిన చోటు. వేరే గదిలో ఆయన భార్య హ్యారియట్ కూడా విడిగా అదే చోటు తెరిచిందని ఆయన తర్వాత తన జీవిత కథలో చెప్పుకున్నాడు. ఇద్దరికీ విషయం అర్థమైంది. మాదిగలు లోపలికి వచ్చారు. పైకులాల పిల్లలు స్కూలు ఖాళీ చేశారు.

బైబిల్ ఎక్కడ తెరుచుకుంటే అదే దేవుని మాట అనుకునే పద్ధతి నాకైతే నచ్చదు. రేపు మీరు తెరిస్తే ఏదో వంశావళి వస్తుంది, అప్పుడేం చేస్తారు? కానీ ఈ కేసులో నేను చూసేది పేజీని కాదు. ఆ మనిషికి లాభం ఎటు ఉందో, జవాబు దానికి అడ్డంగా వచ్చింది. తన ప్లాన్‌ని పాడుచేసిన జవాబుకి తను తల వంచాడు. మనకి వచ్చే "దేవుని చిత్తం" ఎప్పుడూ మనకి ఎక్కువ ప్యాకేజీ ఇచ్చే కంపెనీ వైపే ఉంటే, కొంచెం అనుమానించాలేమో.

ఇప్పుడు పల్లెలోకి రండి. మాదిగ మనిషి జీవితం అప్పుడు ఎలా ఉండేది? చెప్పులు కుట్టాలి, బావి నుంచి నీళ్ళు తోడే తోలు సంచి కుట్టాలి, చచ్చిన పశువుని ఈడ్చాలి, దాని మాంసం తినాలి, జాతరకి డప్పు కొట్టాలి, కబురు పంపితే పరుగెత్తాలి. కళ్ళం దగ్గర రైతు పెట్టిన గింజలే జీతం. పొద్దున లేస్తే "చిత్తం దొరా" తప్ప వేరే జవాబు లేని జీవితం. అలాంటి మనిషి బాప్తిస్మం తీసుకున్నాక మూడు పనులు మానేశాడు. ఆదివారం వెట్టి పనికి రాను అన్నాడు. జాతరలో అమ్మవారి ముందు డప్పు కొట్టను అన్నాడు. చచ్చిన పశువు మాంసం తినను అన్నాడు.

తరతరాలుగా ఎవరి నోటి నుంచీ "రాను" అనే మాట వినని కరణం, మునసబులకి ఇది ఎలా ఉంటుందో ఊహించండి. కొట్టారు. బావులు మూసేశారు. దొంగ కేసులు పెట్టారు. పని ఇవ్వడం మానేశారు. వీళ్ళ దగ్గర ఉన్నది ఆదివారం కూడి ప్రార్థించడం ఒక్కటే.

నా మొదటి ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడే దొరికింది. పైన ఉన్న ఒకడికి నిజంగా "చిత్తం" అన్నవాడు, కింద ఉన్న ప్రతి దొరకీ అది అనలేడు. ఆ మాట ఒకరికే ఖర్చయిపోయింది. యాకోబు పత్రిక నాలుగో అధ్యాయంలో దేవునికి లోబడమని చెప్పిన వాక్యంలోనే అపవాదిని ఎదిరించమని కూడా ఉంటుంది. లోబడటం, ఎదిరించడం ఒకే వాక్యంలో. చిన్నప్పుడు అది రెండు వేర్వేరు సలహాలు అనుకునేవాడిని. ఒంగోలు మాదిగల కథ చదివాక అవి ఒకే పనికి రెండు వైపులు అని అనిపించింది.

అలా అని అంతా మారిపోయిందని చెప్పను. కూలి కూలిగానే ఉంది చాలామందికి. కులం చర్చి లోపలికి కూడా వచ్చి కూర్చుంది, ఇప్పటికీ పెళ్ళి సంబంధాల దగ్గర చూస్తూనే ఉన్నాం.

తర్వాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తినేసిన మహా కరువు. లక్షల మంది చనిపోయారు. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. గుర్తుందా, క్లౌ సర్వేయర్ అని చెప్పాను? ఆ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ ముక్కకి ఆయనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. మామూలు కరువు క్యాంపుల్లో కూలీలని కొట్టేవాళ్ళు, కూలిలో కోత పెట్టేవాళ్ళు. ఇక్కడ కూలి సరిగ్గా ఇస్తారని తెలిసి జనం వచ్చారు. మధ్యాహ్నం పని ఆపి కూర్చున్నప్పుడు బోధకులు మాట్లాడేవాళ్ళు.

వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారని రేపు ఎవరూ అనకూడదు, వాళ్ళకి వాళ్ళే అనుకోకూడదు. ఐదుగురు కొండ మీద అడిగింది పాతికేళ్ళ తర్వాత గుమ్మం ముందు క్యూ కట్టి నిలబడితే, ఆగండి అన్నాడు. అడిగింది దొరక్కపోతే ఆగడం వేరు, దొరికినా ఆగడం వేరు. రెండోది నాకు ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

కరువు పని, సహాయం డబ్బు అయిపోయాక, ఇక మా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, రావద్దు అని కబురు పెట్టినా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ నీళ్ళలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు, మధ్యాహ్నం కాస్త విరామంతో. ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘంలో 12,000 మందికి పైగా ఉన్నారు. పన్నెండేళ్ళ ముందు ఎనిమిది.

వాళ్ళంతా ఆకలి లేకుండా వచ్చారా అంటే, ఆకలినీ ప్రార్థననీ విడదీసే త్రాసు ఎవరి దగ్గరా లేదు. "రైస్ క్రిస్టియన్స్" అని తేలిగ్గా అనేవాళ్ళు ఒకసారి రెండేళ్ళ కరువులో నిలబడి చెప్తే వింటాను. ఇప్పటి లెక్క కూడా చెప్తా వినండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీలో వస్తాడు, అక్కడ ఉన్నది ఒక్క శాతం. గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యే ఎంతమంది ఆ కాలమ్ దగ్గర పెన్ను ఆపి ఆలోచిస్తారో నాకు తెలుసు. ఎవరు ఏం రాశారో జడ్జ్ చేయడానికి నేనెవణ్ణి? లోబడితే లాభమే తప్ప ఖర్చు లేదు అని చెప్పే వీడియోలు చూస్తే మాత్రం నాకు ఆ కాలమ్ గుర్తొస్తుంది.

ఇక మన సిటీకి వద్దాం. ఈ మనిషి మన బ్యాచే, ఇంజనీర్.

భక్త సింగ్. 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. మిషన్ స్కూల్లో చదువుతున్నప్పుడు బహుమతిగా ఇచ్చిన బైబిల్‌ని చింపేసి, అట్ట బాగుందని అట్ట మాత్రం దాచుకున్నాడట. 1926లో లండన్ కింగ్స్ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్. జుట్టు కత్తిరించుకున్నాడు, సూట్లు, క్లబ్బులు, టూర్లు. మనవాళ్ళు ఎంఎస్‌కి వెళ్ళి ఇన్‌స్టాలో పెట్టే లైఫ్ అన్నమాట.

1928లో ఓడ మీద కెనడా వెళ్తున్నాడు. ఓడలో ఆరాధన పెట్టారు, సరదాగా వెళ్ళి కూర్చున్నాడు. అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. ఈయన ఒక్కడే లేవలేదు, వంగలేదు. నాకేం తెలుసు ఈ మతం గురించి, నా దేశం, నా చదువు, నా మతం నాకున్నాయి అనుకున్నాడు. లేచి వెళ్ళిపోదామంటే అటూ ఇటూ మోకరించిన వాళ్ళు. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. మసీదుకి వెళ్తే చెప్పులు విప్పాను కదా, గుడికి వెళ్తే మర్యాద చూపించాను కదా, ఇక్కడ మాత్రం ఎందుకు అడ్డం? సరే, మర్యాద కోసం అని మోకరించాడు. అంతే, లోపల ఏదో కదిలిపోయింది అని తర్వాత జీవితమంతా చెప్పాడు.

నాకు ఈ సీన్ ఎందుకు ఇష్టమంటే, అందులో మొదట నమ్మకం లేదు, మాటలు లేవు. మోకాలు ముందు వంగింది, మనసు తర్వాత వచ్చింది. మనం ఎప్పుడూ ఫీలింగ్ వచ్చాక ప్రార్థన చేద్దాం అనుకుంటాం కదా.

తర్వాత కెనడాలోని విన్నిపెగ్‌లో అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ చదువుతూ, 1929 చివర్లో ఒక స్నేహితుణ్ణి అడిగి కొత్త నిబంధన తీసుకున్నాడు. రాత్రంతా చదివాడు. చింపినవాడే. 1932 ఫిబ్రవరిలో వాంకూవర్‌లో బాప్తిస్మం. ముందు దేవునితో ఆయన బేరం కూడా మనలాంటిదే. నేను సంపాదిస్తాను, డబ్బంతా నీ పనికి ఇస్తాను అన్నాడు. డబ్బు కాదు, నువ్వు కావాలి అని జవాబు వచ్చిందని చెప్పాడు. ఆ ఏడాదే ఒక రాత్రి ప్రార్థనలో పెనుగులాడాక మూడు షరతులు వచ్చాయట. పంజాబులో ఆస్తి మీద హక్కు వదులుకో. ఏ సంస్థలోనూ చేరకు, అందరికీ సేవ చెయ్. నీ ప్లాన్లు నువ్వు వేసుకోకు, రోజూ నేను నడిపిస్తాను.

మూడోది చదివినప్పుడు నేను నిజంగా నవ్వాను. స్ప్రింట్ ప్లానింగ్, క్వార్టర్ రోడ్‌మ్యాప్, ఐదేళ్ళ తర్వాత ఎక్కడ ఉంటావు అనే హెచ్‌ఆర్ ప్రశ్న, వీటి మధ్య బతికేవాడికి ఇది వినిపించే విధానమే వేరు. ఆస్తి వదులుకోవడం కన్నా ప్లాన్ వదులుకోవడమే కష్టం అనిపించింది.

1933లో బొంబాయిలో దిగాడు. అమ్మా నాన్నా వచ్చారు. వాళ్ళు అడిగింది చిన్నదే. నువ్వు ఏది నమ్ముకున్నా సరే, ఇంటి పరువు కోసం బయటికి చెప్పకు. ఆయన ఒప్పుకోలేదు. కొడుకుని అక్కడే వదిలేసి వాళ్ళు వెళ్ళిపోయారు. విదేశాల్లో ఇంజనీరింగ్ చదివి వచ్చినవాడు బొంబాయి వీధుల్లో ప్రకటిస్తూ తిరిగాడు. ఎవరినీ డబ్బు అడగలేదు. అవసరం ఉంటే మోకాళ్ళ మీదే చెప్పుకునేవాడు. జీవితాంతం అదే పద్ధతి. బైబిల్ కూడా మోకరించే చదివేవాడంటారు.

1938లో మద్రాసులో ఆయన కూటాలకి జనం విపరీతంగా వచ్చారు. కానీ కొత్తగా నమ్మినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి అనే ప్రశ్న మిగిలింది. ఉన్న చర్చిలతో ఇబ్బందులు వచ్చాయి. 1941లో కొద్దిమందితో పల్లావరం కొండ ఎక్కి రాత్రంతా ప్రార్థన చేశారు. మళ్ళీ కొండే చూడండి. ఆ జూలై 12న మద్రాసులో "యెహోవా షమ్మా" మొదలైంది. యెహెజ్కేలు గ్రంథం ఆఖర్లో వచ్చే పేరు అది, యెహోవా అక్కడ ఉన్నాడు అని. అదే డిసెంబరులో మొదటి హోలీ కాన్వొకేషన్.

1950లో హైదరాబాదు వచ్చి ముషీరాబాద్ గోల్కొండ చౌరస్తా దగ్గర "హెబ్రోను" మొదలుపెట్టారు. సంవత్సరం గమనించండి. పోలీస్ యాక్షన్ జరిగి సుమారు రెండేళ్ళే. బయట ఊళ్ళో ఎవరు ఎవరివాళ్ళు అని ఇంకా తేలలేదు. లోపల మాత్రం చెప్పులు బయట వదిలి, నేల మీద చాపలు పరిచి, పంజాబీ, తమిళుడు, తెలుగువాడు, మాల, మాదిగ, పైకులం అందరూ పక్కపక్కన కూర్చుని ప్రేమవిందులో అన్నం తింటున్నారు. బెంచీలు లేవు, ఆర్గాన్ లేదు, జీతం ఇచ్చే విదేశీ బోర్డు లేదు. కాన్వొకేషన్‌కి వేలమంది వస్తే పందిళ్ళ కింద వడ్డన. నేల మీద కూర్చోవడం మనకి మామూలే అనిపిస్తుంది. కానీ ఎవరి పక్కన కూర్చుంటున్నాం అనేదే ఇందులో ముఖ్యం.

అన్నీ ఒప్పుకోవాలని లేదు. "ప్రార్థన చేశాం, ప్రభువు ఇలా చూపించాడు" అనే మాటకి ఎదురు చెప్పడం కష్టం. పెద్దలు ఆ మాట అంటే, చిన్నవాడు "నాకు అలా చూపించలేదే" అనగలడా? పెళ్ళి, ఉద్యోగం, ఊరు మారడం, అన్నీ ఒకరి ప్రార్థన మీద ఇంకొకరి జీవితం నడిచే ప్రమాదం ఎక్కడైనా ఉంది, ఏ సంఘంలోనైనా ఉంది. మీ పాస్టర్ గారికో, యూట్యూబ్‌లో ప్రవచనం చెప్పే అన్నకో "చిత్తం" అని, అది దేవునికి అన్నట్టు సర్దుకోవడం చాలా సులువు. ఒంగోలులో కరణానికి అనడం మానేసిన మాట అది. దాన్ని ఇంకో కరణానికి ఇవ్వడం దేనికి? భక్త సింగ్ తన షరతులు తన మోకాళ్ళ మీద విన్నాడు, ఖర్చు తనే కట్టాడు. క్లౌ కూడా అంతే. ఒకరు ప్రార్థన చేసి, బిల్లు ఇంకొకరికి పంపిన కథ కాదు ఇవి రెండూ.

ఇంకోటి, వీళ్ళెవరూ ప్రార్థన చేసి చేతులు కట్టుకుని కూర్చోలేదు. క్లౌ కాలువ కొలతలు వేశాడు. పేరయ్య పల్లె పల్లె నడిచాడు. "దేవుని చిత్తం కోసం వెయిట్ చేస్తున్నా బ్రో" అని రెజ్యూమే కూడా అప్‌డేట్ చేయని మా హాస్టల్ తమ్ముడికి అప్పుడు ఈ కథ చెప్పి ఉంటే బాగుండేది. వాడు ఇప్పుడు బెంగళూరులో బాగానే ఉన్నాడు లెండి.

భక్త సింగ్ గారి చివరి ఏళ్ళు చెప్పి ఆపేస్తాను. పార్కిన్సన్స్ వచ్చింది. ఎన్నో దేశాలు తిరిగినవాడు, గంటల తరబడి బోధించినవాడు, ఏళ్ళ తరబడి హెబ్రోనులో మంచం మీదే. స్వరం పోయింది, చేతులు మాట వినలేదు. అంతమంది ఆయన కోసం ప్రార్థించారు, బాగుపడలేదు. గిన్నె తొలగలేదు. జనం గుంపులుగా వచ్చి ఆ గదిలో కాసేపు నిలబడి వెళ్ళేవాళ్ళు. 2000 సెప్టెంబరు 17న పోయారు. హైదరాబాదీలకి ఆ తేదీ వేరే కారణంతో కూడా గుర్తుంటుంది. సమాధి యాత్రకి రోడ్లు నిండిపోయాయి. నారాయణగూడ క్రైస్తవ శ్మశానంలో ఉన్నారు ఇప్పుడు.

వెళ్ళి చూడాలనుకునేవాళ్ళకి రూటు చెప్తా. అమీర్‌పేటలో బ్లూ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్స్‌లో దిగండి. అక్కడ గ్రీన్ లైన్‌కి మారితే ముషీరాబాద్ స్టేషన్. గోల్కొండ చౌరస్తా ఎక్కడ అని ఎవరినడిగినా చూపిస్తారు. అదే గ్రీన్ లైన్‌లో ఇంకాస్త ముందుకెళ్తే నారాయణగూడ. ఆదివారం వెళ్తే ఆరాధన చాలా సేపు ఉంటుంది, మధ్యాహ్నం పనులేవీ పెట్టుకోకండి. చెప్పులు మాత్రం గుర్తుపట్టేలా ఒక మూల పెట్టుకోండి, అన్నీ ఒకేలా ఉంటాయి.

వచ్చే ఎపిసోడ్‌లో డోర్నకల్ వెళ్దాం. 1912లో అక్కడ బిషప్ అయిన అజరయ్య గారి కథ. మీ ఇంట్లో ఒంగోలు, నెల్లూరు వైపు తాతమ్మలు చెప్పిన బాప్తిస్మాల కథలు ఏవైనా ఉంటే వాళ్ళ గొంతులోనే రికార్డ్ చేసి పెట్టుకోండి, నాకు పంపినా పర్లేదు. ఉంటాను మరి, బై.